లాకులకి ఇవతల

మూడు గురువారాలుగా ఎస్సై చంద్రరావుకి నోట్లో నామం ఆడటం లేదు.

కాలువ గట్టు మీద తకియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం మౌలా సాహెబు గారి దగ్గర పదిమంది కూచుంటారు. తకియా అంటే పెద్ద కట్టడమేం కాదు. ఒక ఫకీరు ఉండే పెంకుటిల్లు, దాని ముందు సిమెంటు అరుగు. వచ్చేవాళ్లలో సాయిబులున్నారు, రైతులున్నారు, ఒక రిటైరైన పోస్టుమాస్టరున్నాడు. అందరూ కళ్లు మూసుకుని ఎవరి దేవుడి పేరు వాళ్లు లోపల అనుకుంటారు. సాహెబు గారు మాత్రం కళ్లు తెరుచుకుని బొంత కుట్టుకుంటూ ఉంటారు. ఆయన ఒకప్పుడు దర్జీ. ఫకీరైనా చేతికి సూది అలవాటు పోలేదు.

చంద్రరావు ఆయన దగ్గర చేరి రెండేళ్లయింది. మొదట్లో పోలీసాయన వచ్చాడని మిగతావాళ్లు కాస్త జరిగి కూచునేవారు. ఇప్పుడు అలవాటైపోయాడు.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక అతను మాత్రం ఉండిపోయాడు.

"బాబా, ఒక సందేహం."

"అడుగు చంద్రం."

"ఒక పని మన పరిధిలోది కాదు. కాదని మనం వదిలేశాం. అది పాపమవుతుందా?"

సాహెబు గారు సూదిలో దారం ఎక్కిస్తున్నారు. 

అసలు జరిగింది వేరు. చంద్రరావు దాన్ని సందేహంలాగా మడత పెట్టి అడిగాడంతే.

పద్దెనిమిది రోజుల కిందట, పొద్దున్నే, ఎనిమిదో మైలు లాకుల దగ్గర గుర్రపుడెక్కలో ఒక మగశవం వచ్చి ఆగింది. లాకులంటే కాలువకి అడ్డంగా ఉండే ఇనప తలుపులు. వాటిని ఎత్తితే నీళ్లు కిందికి పోతాయి, దించితే ఆగుతాయి. ఆ తలుపులే రెండు పోలీసు స్టేషన్లకి హద్దు. ఎగువ నీళ్లు చంద్రరావువి. దిగువ నీళ్లు రత్నాకర్ అనే ఇంకో ఎస్సైవి. ఆ సంగతి నీళ్లకి తెలీదు, అది వేరే విషయం.

గుర్తు తెలియని శవం అంటే స్టేషనుకి పెద్ద తలనొప్పి. పంచనామా చెయ్యాలి, పోస్టుమార్టం చేయించాలి, ఫొటో పట్టుకుని ఊళ్లు తిరగాలి. ఎవరూ రాకపోతే ఆ కాస్త మట్టీ కూడా స్టేషనువాళ్లే వెయ్యాలి. ఫైలు మాత్రం ఏళ్ల తరబడి బీరువాలోంచి కదలదు. పైగా ఆ వారమే జిల్లా కేంద్రంలో క్రైం మీటింగు. చంద్రరావు స్టేషనులో అప్పటికి ఒక్క పెండింగు ఫైలు లేదు, ఆ మాట అతను అందరికీ చెప్పుకునేవాడు.

ఆ కాలువ మీదున్న స్టేషన్లలో ఇలాంటప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరూ కాగితం మీద పెట్టింది కాదు. లాకుల కాపలా చూసే లస్కరు తలుపు రెండు మూరలు పైకెత్తుతాడు. కానిస్టేబుళ్లు వెదురు గడతో తోస్తారు. శవం కిందివాళ్ల దగ్గరికి పోతుంది. కిందివాళ్లు తమ హద్దు దగ్గర తామూ అదే చేస్తారు.

ఆ పొద్దున గట్టు మీద నిలబడి చంద్రరావు "కానివ్వండి" అన్నాడు. అని, ఫోను చూసుకుంటూ అటు తిరిగాడు. తిరిగేలోపు చచ్చిపోయిన మనిషి ఒంటిమీది పచ్చగళ్ల చొక్కా, నడుముకి కొబ్బరి చెట్లెక్కేవాళ్లు కట్టుకునే తాడు చూడనే చూశాడు.

మూడో రోజు సువార్తమ్మ అనే ముసలావిడ స్టేషనుకి వచ్చింది. కొడుకు దానియేలు కొబ్బరి దింపుకి వెళ్లి ఇంటికి రాలేదంది. పచ్చగళ్ల చొక్కా వేసుకుని వెళ్లాడంది. "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. ఆవిడ ఊరి పేరు చెప్పింది. అది పై స్టేషను కిందికి వస్తుంది.

"అయితే మా లిమిట్స్ కాదమ్మా. అక్కడికెళ్లి కాగితం ఇవ్వాలి" అన్నాడు. మెత్తగానే అన్నాడు. కానిస్టేబుల్ని పిలిచి ఆవిడకి మంచినీళ్లు కూడా ఇప్పించాడు.

ఆవిడ నిలబడ్డ చోట, సరిగ్గా ఆవిడ తల మీద, గోడకి ఒక బోర్డుంది. ఏ స్టేషను పరిధి అనే దానితో సంబంధం లేకుండా ఇక్కడ ఫిర్యాదు తీసుకోబడును అని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసుంది. ఆ విషయం మీద చంద్రరావు జూనియర్ కాలేజీలో గంటసేపు ఉపన్యాసం ఇచ్చి శాలువా కప్పించుకున్నాడు కూడా. సువార్తమ్మకి చదువు రాదు.

ఇదీ సంగతి. ఇందులో ఒక్క ముక్క కూడా అతను గురువుకి చెప్పలేదు.

దారం సూదిలోకి ఎక్కింది. సాహెబు గారు తలెత్తి, "అన్నం తిన్నావా?" అన్నారు.

"తిన్నాను బాబా."

"అయితే ఈ కేరేజీ పట్టుకెళ్లు. లాకుల దగ్గర ఒక అమ్మ కూచుంటోంది. రోజూ నేనే తీసుకెళ్తున్నా. ఇవాళ కాళ్లు వాచాయి."

చంద్రరావు కేరేజీ వైపు చూశాడు. ఏ అమ్మ అని అడగలేదు.

"కానిస్టేబుల్ని పంపిస్తాను" అన్నాడు.

"నిన్నే వెళ్లమన్నాను" అన్నారు సాహెబు గారు. మళ్లీ బొంత ఒళ్లోకి లాక్కున్నారు.

తకియా నుంచి లాకులకి అరమైలు ఉంటుంది. చంద్రరావు గురువారాలు పంచె, తెల్లచొక్కా వేసుకుంటాడు. ఆ బట్టల్లో అతన్ని దూరం నుంచి ఎవరూ పోల్చుకోరు. దగ్గరికొచ్చాక లస్కరు సత్తియ్య పోల్చుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత అతని చేతిలో కేరేజీ చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సువార్తమ్మ ఎగువ వైపు మెట్ల మీద కూచుని నీళ్లు చూస్తోంది. స్టేషనులో తల వంచుకుని నిలబడ్డ మనిషి, ఎస్సై మొహం చూసి ఎరగదు. ఇప్పుడు చూసినా గుర్తుపట్టలేదు.

"సాయిబు గారు రాలేదా బాబూ?"

"కాళ్లు నొప్పులమ్మా."

"అయ్యో. ఆ కాళ్లేసుకునే తెచ్చేవోరు రోజూను."

కేరేజీ విప్పింది. అన్నం, పప్పు, మాగాయ. మూతలో సగం పెట్టి అతని ముందుకి జరిపింది.

"నేను తిన్నానమ్మా."

"తిన్నా తిను. ఒక్కదానికీ దిగట్లేదు."

చంద్రరావు మెట్టు మీద కూచున్నాడు. ముద్ద కలిపాడు. తెలిసి తెలిసి ఆ మాట అడగడానికి అతనికి సిగ్గేసింది. అడక్కుండా ఉండటానికి ఇంకా సిగ్గేసింది.

"ఇక్కడెందుకమ్మా కూచుంటున్నావు?"

"నా కొడుకు కనపడ్డం లేదు బాబూ. ఈ టేసనోళ్లు పైకెల్లమన్నారు. పై టేసనోళ్లు కిందకెల్లమన్నారు. ఈ టేసను ఎస్సై గారు మంచోరు. కసరలేదు. మంచినీళ్లిప్పించేరు. పై టేసన్లో గుమ్మమే ఎక్కనీలేదు."

ముద్ద అతని గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగమని చెంబు అందించింది.

"ఎవురో సెప్పేరు, కాలవలో పడ్డోళ్లు ఎవురైనా లాకుల కాడ ఆగాల్సిందేనంట. తలుపులేసుంటే ఎక్కడికెల్తాడు? అందుకని ఇక్కడ కూకున్నాను. పదేను రోజులైంది. రాలేదు."

ఆవిడ మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

"రాలేదంటే ఏంటన్నట్టు? పడలేదన్నమాట. కోపమొచ్చి ఏ ఊరో ఎల్లుంటాడు. లోగడ ఒకపాలి అలాగే ఎల్లి నెలకొచ్చేడు."

సత్తియ్య లేచి రేకుల షెడ్డులోకి వెళ్లిపోయాడు.

"సదువుకున్నోడిలాగున్నావు, నువ్వు సెప్పు బాబూ" అంది సువార్తమ్మ. "ఇంకెన్ని రోజులు కూకుంటే బతికున్నట్టు లెక్క?"

చంద్రరావు మూతలో అన్నం అంతా తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు. వదిలేసి లేచే మొహం అతనికి లేదు. కేరేజీ కాలువలో కడుక్కుని, చెప్పకుండానే వచ్చేశాడు.

తకియాలో సాహెబు గారు ఇందాక కూచున్న చోటే ఉన్నారు.

"తిందా?"

"తింది. నాక్కూడా పెట్టింది."

అక్కడితో అతని వల్ల కాలేదు. అరుగు మీద కూలబడి మొత్తం చెప్పేశాడు. కానివ్వండి అన్న మాట, అటు తిరగడం, పచ్చగళ్ల చొక్కా, బోర్డు కింద నిలబెట్టి పంపించేసిన సంగతి, మంచినీళ్ల సంగతి. తోసిన దానికంటే ఆ నీళ్లు ఇప్పించడమే అతనికి ఎక్కువ నీచంగా అనిపించింది.

సాహెబు గారు వింటూనే కుడుతున్నారు. కుట్టు ఆపలేదు.

"మీకు ముందే తెలుసా బాబా? అందుకే నన్ను పంపించారా?"

"ఆవిడకి ఆకలేస్తుందని తెలుసు" అన్నారు.

తర్వాత సూది బొంతకి గుచ్చి, పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచారు. చెప్పుల్లో కాళ్లు పెట్టబోతే వాచిన పాదాలు పట్టలేదు. చెప్పులు అక్కడే వదిలేసి, కర్ర తీసుకుని అరుగు దిగారు.

"ఎక్కడికి బాబా?"

"కిందికి. కాలువ పోయిన దారిన పోతే ఎక్కడో ఒక చోట ఉంటాడు కదా ఆ అబ్బాయి."

"ఈ కాళ్లతోనా?"

సాహెబు గారు నాలుగడుగులు వేశారు. ఐదో అడుగుకి ఒళ్లు తూలింది, కర్ర మీద వాలి నిలబడ్డారు. మళ్లీ నడక మొదలుపెట్టారు.

చంద్రరావు పరిగెత్తుకెళ్లి ముందు నిలబడ్డాడు.

"నేను వెళ్తాను."

ఆయన అతని మొహంలోకి చూశారు.

"వెళ్తావా?"

"వెళ్తాను."

"అయితే యూనిఫాం వేసుకుని వెళ్లు" అని ఆయన వెనక్కి తిరిగారు.

మర్నాడు పొద్దున చంద్రరావు దిగువ స్టేషనుకి వెళ్లాడు. రత్నాకర్ ఉద్యోగంలో అతని కంటే ఏడాది చిన్న. టీ తెప్పించి, విషయం విని, తలుపు దగ్గరికి వేశాడు.

"దాని గొడవ ఇప్పుడెందుకన్నా? అది మా దగ్గర కూడా ఆగింది, వంతెన కింద. మేమూ..." అని చేత్తో తోసినట్టు చూపించాడు. "నువ్వు రాయలేదు, నేను రాయలేదు. ఎవరూ రాయనిది జరగనట్టే."

"నేను రాస్తున్నాను. లాకులకి ఇవతల, మా హద్దులోనే ఆగిందని రాస్తున్నాను."

"సస్పెండవుతావు."

"అవుతాను."

"మరి నా సంగతి?"

"నీ సంగతి నీ ఇష్టం. నేను వచ్చింది అందుక్కాదు. నాతో కాలువ చివరిదాకా రా. అక్కడ నాకు ఏ హక్కూ లేదు. నీ కింది నీళ్లెటు పోతాయో నీకు తెలుసు, మనుషులు తెలుసు. ఒక్కణ్ణి వెళ్తే తిప్పి పంపుతారు."

రత్నాకర్ టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"పైనుంచి ఆర్డరేమైనా ఉందా?"

"లేదు. సాయం అడుగుతున్నాను."

పక్కపక్క స్టేషన్లలో మూడేళ్లుగా పనిచేస్తూ, ఎవడి హద్దు ఎంతవరకో అని ఫోన్లలో పోట్లాడుకోవడమే తప్ప, ఆ ఇద్దరూ ఒకే జీపు ఎక్కింది లేదు. ఆ రోజు ఎక్కారు.

కాలువ ఉప్పుటేరులో కలిసే చోట ఆఖరి స్టేషనుంది. ఎస్సై సెలవులో ఉన్నాడు. పోతురాజు అనే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఇద్దరు ఎస్సైలు ఒకేసారి గుమ్మంలోకి వచ్చేసరికి కంగారుగా లేచాడు.

"ఆయ్, ఒచ్చిందండి" అన్నాడు విషయం విని. "ఇక్కణ్ణుంచి తొయ్యడానికి మాకింకో టేసను లేదు కదండీ. సముద్రమేనండి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఇద్దరూ తల దించుకున్నారు.

పోతురాజు ఇద్దరు జాలరులని తోడు పెట్టుకుని శవాన్ని ఒడ్డుకి లాగించాడు. పంచనామా రాశాడు. డాక్టర్ని అక్కడికే తీసుకొచ్చి పోస్టుమార్టం చేయించాడు. నీళ్లలో మునిగి పోయాడు, ఒంటి మీద దెబ్బల్లేవు. సరుగుడు తోటలో పాతిపెట్టించి, తల దగ్గర ఒక రాయి పెట్టి దాని మీద నంబరు వేయించాడు. చొక్కా, నడుము తాడు ఉతికించి, ఎండబెట్టి, కాగితం సంచిలో పెట్టి లక్క సీలు వేశాడు. అంతా తనే దగ్గరుండి చేయించాడు.

"మీరెవరికీ కబురు పెట్టలేదా?" అన్నాడు రత్నాకర్.

"ఎందుకు పెట్టలేదండీ? కాలవ మీదున్న మూడు టేసన్లకీ పెట్టేనండి. పచ్చగళ్ల చొక్కా, నడుంకి దింపోళ్ల తాడు, ఇలాంటి మనిషి కోసం మీ కాడికెవరైనా ఒచ్చేరా అని రాసేను. మూడు జవాబులూ ఒక్కటేనండి."

ఫైలు తెరిచి మూడు కాగితాలు వరసగా పరిచాడు. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు. మూడోది చంద్రరావు స్టేషనుది. సువార్తమ్మ వచ్చి వెళ్లిన మర్నాటి తేదీ. కింద అతని సంతకం.

పోతురాజు కళ్లు సంతకం మీద నుంచి చంద్రరావు ఛాతీ మీదున్న పేరు బిళ్ల మీదికి వెళ్లాయి. గబుక్కున ఫైలు మూసేశాడు.

"పని ఒత్తిడిలో సూసుకోరు కదండీ. రైటరెట్టేసిన కాగితం" అన్నాడు.

వయసులో తండ్రిలాంటి వాడు. కింది ఉద్యోగి. తప్పించుకోవడానికి దారి కూడా తనే చూపిస్తున్నాడు. ఆ మంచితనం ముందు చంద్రరావుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"చదివే సంతకం పెట్టాను పోతురాజు గారూ" అన్నాడు.

ఒక ఎస్సై హెడ్ కానిస్టేబుల్ని గారూ అని పిలవడం ఆ శాఖలో ఉండదు.

చంద్రరావు తెల్లకాగితం అడిగి, అక్కడే బల్ల మీద, జరిగింది జరిగినట్టు సొంత దస్తూరీతో రాశాడు. లాకులకి ఎగువన అని రాసి, ఆ మాట కింద గీత గీశాడు. సంతకం పెట్టి ఫైల్లో జత చెయ్యమన్నాడు. కాసేపటికి రత్నాకర్ కూడా ఒక కాగితం అడిగాడు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే చంద్రరావు కాగితం సంచి పట్టుకుని లాకుల దగ్గర జీపు దిగాడు. మెట్ల మీద సువార్తమ్మ పక్కన సాహెబు గారు కూచుని ఉన్నారు. ఎవరి సైకిలు వెనకో ఎక్కి వచ్చినట్టున్నారు. మెట్టు మీద ఖాళీ కేరేజీ ఉంది.

యూనిఫాం చూసి సువార్తమ్మ లేచి నిలబడింది. తర్వాత మొహం చూసింది.

"నిన్న కూడు తెచ్చిన బాబువి కదా. నువ్వా ఎస్సైవి?"

"నేనేనమ్మా."

దారి పొడవునా అతను అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"దానియేలు ఇక లేడమ్మా. కాలువలో పడి పోయాడు. ఇదిగో, ఈ తలుపుల ముందుకే వచ్చి ఆగాడు. మా పరిధిలో ఉండకూడదని నేనే తలుపెత్తించి కిందికి తోయించాను. తర్వాత నువ్వు స్టేషనుకొచ్చావు. నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు. సముద్రం పక్కన మట్టి చేశారు. పద్ధతిగానే చేశారు. నేను నిన్ను తీసుకెళ్తాను."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు కూడా. ఆవిడ సంచి తీసుకుంది. సీలు విప్పి చొక్కా బయటికి తీసి, గుండీలు ఒక్కొక్కటీ చేత్తో తడిమింది. చొక్కా ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూచుంది. చాలాసేపు లాకు తలుపుల వైపు, వాటికి ఇవతల ఆగిన నీళ్ల వైపు చూసింది. ఏడవలేదు.

"ఎంతసేపాగేడు?" అంది.

చంద్రరావు గురువు వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం చంద్రం?" అన్నారు సాహెబు గారు. "అమ్మ అడిగింది నిన్ను."

చంద్రరావు టోపీ తీసి ఆవిడ కింది మెట్టు మీద కూచున్నాడు.

"అరగంట పైనే ఆగాడమ్మా" అన్నాడు.